మడవని కుర్చీ

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే తర్వాత మీరే అంటారు. పాలు విరిగితే మా ఆయన గిన్నె కడిగేసి ఊరుకుంటాడు. నేను మాత్రం చివరగా మూత తీసిందెవరో తేలేదాకా ఊరుకోను. "నువ్వు పోలీసుల్లో చేరాల్సినదానివి, దారి తప్పి పిల్లల మనసులు బాగుచేసే పనిలో పడ్డావు" అంటూ ఉంటాడు. అలాంటి దాన్ని, అనుమానించాల్సిన ఆ ఒక్క సాయంత్రం అనుమానించకుండా ఊరుకున్నాను. ఇప్పుడు ఏమనుకుని ఏం లాభం?

నేను బళ్ళో కౌన్సెలర్‌ని. ఫోన్లలో తోటివాళ్ళు పెట్టే వెక్కిరింతలకి, వీడియోలకి, తిట్లకి దెబ్బతిన్న పిల్లలు నా దగ్గరికి వస్తారు. నాకిచ్చిన గది మెట్ల పక్కన ఉంది. ఒకప్పుడు ఆటల సామాన్ల గది అది. ఎంత కడిగినా రబ్బరు బంతుల వాసన, సుద్దపొడి వాసన వదల్లేదు. కిటికీ లేదు, పైన ఒక వెంటిలేటర్ మాత్రం ఉంది. ఒక బల్ల, ఫైళ్ళ బీరువా, ఆటలవాళ్ళు వదిలేసి వెళ్ళిన బరువు చూసే మిషను, రెండు చెక్క కుర్చీలు. వీటితోపాటు ఒక ఇనప మడత కుర్చీ. మహా అయితే నాలుగు కిలోలుంటుంది, ఒంటిచేత్తో ఎత్తి ఎక్కడైనా పెట్టొచ్చు.

ఆ ఇనప కుర్చీతో నాకు పనుంది. దెబ్బతిన్న పిల్ల ఒక చెక్క కుర్చీలో కూర్చుంటుంది, ఎదురుగా ఇనప కుర్చీని ఖాళీగా వేస్తాం. తనని ఏడిపించినవాళ్ళు అందులో కూర్చున్నారనుకుని మనసులో ఉన్నదంతా వాళ్ళ మొహాన అనేయమంటాం. ఫోనులో వెక్కిరించేవాడికి మొహం ఉండదు కదా, ఆ మొహం లేనివాడికి ఒక చోటు చూపించడమన్నమాట. చాలామంది పిల్లలు అక్కడే మొదటిసారి నోరు తెరుస్తారు.

ఈ పద్ధతి నాకు నేర్పిన గురువుగారు చివర్లో మూడు పనులు చేయించాలని చెప్పారు. పిల్లని ఆ ఇనప కుర్చీలో కూర్చోబెట్టాలి. "కుర్చీ ఖాళీ" అని తన నోటితోనే అనిపించాలి. లేచాక తన చేతులతోనే దాన్ని మడిపించాలి. "పిలిచినవాళ్ళని పంపించేయడం కూడా మన పనే" అనేవారావిడ.

నేను చేయించేదాన్ని కాదు. బళ్ళో పీరియడ్ నలభై నిమిషాలే. పిల్ల మనసు విప్పి మాట్లాడే వేళకి బెల్లు కొడతారు, తర్వాతి క్లాసుకి ఆలస్యమైతే హాజరు పోతుంది. పాపం, కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తేది. ఆ కుర్చీని ఎవరూ మడవలేదు. నాలుగేళ్ళలో ముప్పై ఒక్కమంది దానితో మాట్లాడి వెళ్ళారు. అది అలా తెరిచే ఉంది.

ముప్పై రెండోది గోరింక.

అది అసలు పేరు కాదు. నా ఫైళ్ళలో పేర్లుండవు, ప్రతి పిల్లా తనకి నచ్చిన మారుపేరు పెట్టుకుంటుంది. ఈ పిల్లకి కొంచెం నత్తి. తొమ్మిదో తరగతిలో పాఠం చదువుతూ "ప్రజాస్వామ్యం" దగ్గర ఆగిపోయింది. ఎవరో ఫోను దాచి తెచ్చి ఆ ముక్క రికార్డు చేశారు. ఇంకెవరో దానికి డప్పు కలిపి పాట చేశారు. రెండు రోజుల్లో బడి మొత్తం ఆ పాటే పాడింది. మూడో రోజు నుంచి పిల్ల మాట్లాడటం మానేసింది. తర్వాత తిండి కూడా మానేసింది. మొదటిరోజు బరువు మిషను మీద నిలబెడితే ముప్పై ఎనిమిది కిలోలుంది. ఫైల్లో మొదటి పేజీలోనే రాసుకున్నాను.

వాళ్ళమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. "వచ్చే నెల మౌఖిక పరీక్ష ఉంది మేడమ్" అంది ఆవిడ. "అందరి ముందు నించుని చదవాలంట. చదవకపోతే వాళ్ళ నాన్న బడి మానిపిస్తానంటున్నాడు. కుట్టు మిషను ముందు కూర్చోవడానికి నా జీవితం ఒకటి చాలదా మేడమ్, దాని జీవితం కూడా కావాలా?"

"చదువుతుందమ్మా, నాది పూచీ" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మూడు వారాలు గోరింక మాట్లాడలేదు. కాగితం మీద రాసేది. నాలుగో వారం ఇనప కుర్చీ వేశాను. చాలాసేపు దానివైపు చూసి, గుసగుసగా, ఊపిరితో అన్నట్టు అంది.

"నే... నేను... మీ... మీకేం చేశాను?"

నాకు కళ్ళు చెమర్చాయి. ఇంకా ఏదో అనబోయింది, ఇంతలో బెల్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి, అలాగే వచ్చేసింది. ఫోను నా చేతిలో పెట్టింది.

ఏదో పేజీ అది. పేరు ఉండాల్సిన చోట మూడు చుక్కలు, బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గుండ్రం. నల్లటి తెర మీద పదిహేను సెకన్ల గొంతు వినిపించింది. "నే... నేను... మీ... మీకేం చేశాను?" వెనక మా బడి బెల్లు, అక్కడితో ఆగిపోయింది.

"ఇది మీ గదిలోదే కదా మేడమ్" అంది వాళ్ళమ్మ, గొంతు పెంచకుండా. "బాగవుతుందని పంపించాను. బాగవడం దేవుడెరుగు, ఉన్న పరువు కూడా తీశారు. ఆ గదిలో మీరూ, అదీ తప్ప ఎవరున్నారు?"

ఒళ్ళంతా మండిపోయింది, సిగ్గుతో కొంత, కోపంతో కొంత. ఎవడో నా గదిలో చెవి పెట్టాడు. ఎవడో తేల్చకపోతే నేను నేను కాదనుకున్నాను.

మా బళ్ళో ఫోన్లన్నీ గేటు దగ్గర గడుల పెట్టెలో పెట్టాలి, నాది కూడా. ముందు గదిని జల్లెడ పట్టాను. బల్ల కింద, ఫ్యాను రెక్కల మీద, స్విచ్చుల వెనక, వెంటిలేటర్ చువ్వల మధ్య చూశాను. బరువు మిషను కూడా తిరగేశాను. దుమ్ము, ఒక పాత షటిల్ కాక్ తప్ప ఏం దొరకలేదు. ఇనప కుర్చీని చూడనక్కర్లేదనుకున్నాను. నాలుగు కాళ్ళు, ఒక రేకు, వీపుకి ఇంకో రేకు. దాచడానికి దానిలో ఏముంది?

తర్వాత మనుషులు. గది తాళం ఇంకొకటి ఉన్నది ఆయా దగ్గర. ఆవిడకి ఊరందరి కబుర్లూ కావాలి. రెండోవాడు కంప్యూటర్ సారు. పిల్లల పేజీలన్నీ ఆయనకి తెలుసు, పైగా నన్ను చూస్తే ఎప్పుడూ అదో రకంగా నవ్వుతాడు. ఇద్దరికీ చెరో ఎర వేశాను. ఆయాని గదిలోకి పిలిచి, "ఎవరితో అనకు, నేను ఉద్యోగం మానేస్తున్నా" అన్నాను. కంప్యూటర్ సారుని పిలిచి, "మా ఆయనకి నాకూ పడటం లేదండీ" అన్నాను. పాపం మా ఆయన ఆ పూటే నా చెప్పులు కుట్టించుకొచ్చాడు. వీటిలో ఏది పేజీలోకి ఎక్కితే అది విన్నవాళ్ళే దొంగలు.

రెండు రోజులు చూశాను. ఒక్కటీ ఎక్కలేదు. ఆయా మాత్రం, "మానేస్తే మీ టిఫిన్ డబ్బా నాకిచ్చి వెళ్ళండి, మూత గట్టిది" అంది.

కంప్యూటర్ సారుకి ఆ గొంతు ముక్క వినిపించాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాడు. ఆ నవ్వు పోయింది.

"బయటి నుంచి తీసింది కాదు మేడమ్. గోడ పక్క నుంచి కూడా కాదు. పిల్ల నోటికి ఎదురుగా మూడడుగుల్లో ఉంది. నేరుగా దానితోనే మాట్లాడుతున్నట్టు ఉంది."

ఎదురుగా మూడడుగుల్లో ఉన్నది ఖాళీ కుర్చీ. అక్కడ ఏమీ లేదని నా కళ్ళారా చూశాను. అంటే ఫోను పిల్ల చేతిలోనే ఉండాలి. ఒడిలో పెట్టుకుని ఉండాలి. తమని తామే వెక్కిరించుకుంటూ దొంగ పేజీలు పెట్టుకునే పిల్లలుంటారు, జాలి కోసమో, ఆ నొప్పి అలవాటై పోయో. నేను అలాంటివాళ్ళని చూశాను కూడా. అనుమానం ఒకసారి మొదలైందంటే నాలో ఆగదు. పేజీలో ఉన్నది ఆ ఒక్క ముక్కే, అది కూడా గోరింక వచ్చిన రోజుదే. ఇంకేం కావాలి?

బుధవారం తను వచ్చి కూర్చుంది. ఇనప కుర్చీ ఎదురుగానే ఉంది.

"తల్లీ, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు" అన్నాను. "ఆ పేజీ నువ్వే పెడుతున్నావా?"

గోరింక నావైపు చూసింది. ఏడవలేదు. పెన్ను తీసుకుని కాగితం మీద రెండే మాటలు రాసి, బల్ల మీద నావైపు జరిపి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. బెల్లు కొట్టడానికి ఇంకా పాతిక నిమిషాలుంది.

"మీరు కూడానా?" అని ఉంది.

ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. బడి వదిలేశారు. వరండాలో అడుగుల చప్పుళ్ళు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. వెంటిలేటర్ లోంచి వచ్చే వెలుగు గోడ మీద పసుపు నుంచి బూడిదకి మారింది. గదిలో సుద్దపొడి వాసన పెరిగినట్టనిపించింది. చాలామంది పిల్లలు తలుపులు మూసుకుని కూర్చున్న క్లాసులో ఉంటుందే, ఆ చెమటవాసన కూడా. నేను గోరింక కూర్చున్న కుర్చీలో ఉన్నాను. ఎదురుగా ఇనప కుర్చీ. విసుగొచ్చింది. దానివైపు చూసి, ఎవరితోనో అన్నట్టే అన్నాను.

"ఇంతకీ నువ్వెవరు?"

కుర్చీతో మాట్లాడుతున్నందుకు నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. లేచి, తాళం వేసి, ఇంటికెళ్ళాను.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోను మోగింది. చుక్కల పేజీలో కొత్తది.

"ఇంతకీ నువ్వెవరు?"

అది నా గొంతు. తర్వాత నా నవ్వు. కుర్చీ జరిపిన చప్పుడు. నా చెప్పుల చప్పుడు. తలుపు మూసిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. అక్కడితో నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. కానీ ముక్క ఇంకా ఉంది. నాలుగు సెకన్లు నిశ్శబ్దం... తర్వాత ఇనుము కిర్రుమంది. చాలాసేపు కదలకుండా కూర్చున్నవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటే వచ్చే చప్పుడు అది.

చేతిలో ఉన్న చెంబు జారిపోయింది. మా ఆయన వచ్చి ఏమైందన్నాడు. ఏమని చెప్పను? ఫోను పట్టుకుని ఆ పేజీని కిందికి, ఇంకా కిందికి జరిపాను. గోరింకది దాటాక, మొన్నటిదాకా ఏమీ లేని చోట, ఇంకా ఉన్నాయి. పాతవి. నాలుగేళ్ళవి. లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. "మా అక్కని ఎందుకు అన్నావ్..." "ఆ ఫొటో తీసెయ్, ప్లీజ్ తీసెయ్..." ప్రతి గొంతూ నాకు తెలుసు. ప్రతిదీ మా బడి బెల్లుతోనే ఆగింది. నేను పిల్లల్ని తొందరపెట్టి పంపేసిన ఆ బెల్లే.

గురువుగారికి ఫోను చేశాను. ఆవిడకిప్పుడు సరిగా వినపడదు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"కుర్చీ ఎవరు మడిచారు?" అన్నారు.

"ఎవరూ మడవలేదమ్మా. బెల్లు కొట్టేసేవాళ్ళు..."

"ముప్పై రెండుమందిలో ఒక్కళ్ళు కూడా?"

"లేదమ్మా."

"ఆ పిల్లని తీసుకురా. మూడు పనులూ చేయించు. తన చేత్తోనే మడవాలి. నువ్వు ముట్టుకోకు. విన్నావా, నువ్వు మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకుంటే ఏమవుతుందమ్మా?"

"నేనెప్పుడూ ముట్టుకోలేదు" అన్నారావిడ.

మర్నాడు గోరింక వాళ్ళింటికి వెళ్ళాను. మిషను మీద సగం కుట్టిన యూనిఫాం ఉంది. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది. క్షమాపణ చెప్పాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది, మా ఆయన్ని అడగండి. కానీ ఆ రోజు నేల మీద కూర్చుని చెప్పాను. "తప్పు నాదే తల్లీ. నిన్ను అనుమానించాను. ఆ పేజీ నీది కాదు. నువ్వు ఒక్కసారి వస్తే దాన్ని ఆపేయొచ్చు. రాకపోతే నిన్నేమీ అనను." నా ఫోనులో నా గొంతు కూడా వినిపించాను.

పిల్ల ఇటు తిరిగింది. వాళ్ళమ్మ ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వ... వస్తాను" అంది. నాతో ఎదురుగా, నోరు తెరిచి అన్న మొదటి మాట అదే. నన్ను నమ్మింది. అది నేను మర్చిపోలేను.

శుక్రవారం చివరి బెల్లు అయిపోయాక వెళ్ళాం. ఇక కొట్టడానికి బెల్లు ఉండకూడదని నా జాగ్రత్త. వాళ్ళమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది, పక్కన ఆయా. నేనూ పిల్లా లోపలికెళ్ళి తలుపు వేశాం. బయట మబ్బు పట్టింది. లైటు వేసినా గది మూలలు చీకటిగానే ఉన్నాయి. ఆ చెమటవాసన తలుపు తీయగానే మొహానికి కొట్టింది. ఒక్క మనిషిది కాదు... నలభైమంది ఉన్న గదిలోకి వెళ్ళినట్టు.

"భయంగా ఉందా?" అన్నాను.

తల ఊపింది. నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, వణుకుతోంది.

"వెళ్ళి కూర్చో. కళ్ళు మూసుకో. కుర్చీ ఖాళీ అను. లేచి మడిచెయ్. అంతే. తర్వాత మనం ఇంటికెళ్ళిపోదాం."

పిల్ల నా చెయ్యి వదిలింది. మూడడుగులే. మొదటి అడుగుకి ఎక్కడో ఏదో గుసగుస... నా చెవులే అనుకున్నాను. రెండో అడుగుకి ఆగింది, వెనక్కి చూసింది. వెళ్ళు అన్నట్టు తల ఊపాను. మూడో అడుగు.

కూర్చుంది. ఇనుము కిర్రుమంది.

కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. "కు... కు... కుర్చీ... ఖా..."

రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి. "ఖా... ఖా..." సాయం చేయకూడదు, తన నోటితోనే రావాలి. "ఖా..."

ఇనుము ఇంకోసారి కిర్రుమంది. పిల్ల కదల్లేదు. అది నేను చూశాను. పిల్ల కదల్లేదు.

గుసగుసలు ఆగిపోయాయి. వాసన కూడా పోయింది, ఎవరో తలుపు తీసినట్టు. గోరింక కళ్ళు తెరిచింది.

"కుర్చీ ఖాళీగా ఉంది మేడమ్" అంది.

ఎక్కడా ఆగలేదు. గడగడా అనేసింది. లేచి నించుంది, గౌను సర్దుకుంది, చిన్నగా నవ్వింది. నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. పిల్ల బతికింది అనుకున్నాను. నా పూచీ నిలబడింది అనుకున్నాను.

"ఇంక మడిచెయ్ తల్లీ."

"మీరే మడవండి మేడమ్. నాకు చేతులు వణుకుతున్నాయి."

ఆ చేతులవైపు చూశాను. వణకడం లేదు. చూశాను, చూసి కూడా... బయట వాళ్ళమ్మ "అయిందా మేడమ్?" అంటోంది. నాకు ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. రెండడుగులు వేసి కుర్చీ పట్టుకుని, ఒక్క నొక్కు నొక్కాను. టక్ మంది. మూలకి ఈడ్చి గోడకి ఆనించాను. ఎందుకో చెయ్యి లాగింది, కంగారులో పట్టించుకోలేదు. అంత అనుమానపు మనిషిని, ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

ఆ రాత్రికే చుక్కల పేజీ మాయమైంది. వెతికితే అలాంటి పేజీ లేదని వచ్చింది. సోమవారం నుంచి గోరింక క్లాసులో చెయ్యెత్తి జవాబులు చెబుతోందని టీచర్లు చెప్పారు. వాళ్ళమ్మ నా కోసం జాకెట్టు కుట్టి తెచ్చింది. "కొలతలు కంటితోనే తీసుకున్నా" అని నవ్వింది. "ఎంత బాగా మాట్లాడుతోందో మేడమ్. వాళ్ళ నాన్న నోరు మూయించింది. కాకపోతే అమ్మా అని పిలవడం మానేసింది. పెద్దదవుతోంది కదా."

నత్తి ఒక్కరోజులో పోదు. అది నాకు తెలుసు. కానీ సంతోషంగా ఉన్న తల్లి ముందు ఆ మాట ఎలా అనను? పిల్లని గదికి పిలిచి, మామూలుగా ప్రతి నెలా చూసే బరువు చూద్దామన్నాను. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఇప్పుడు బాగానే ఉన్నాను కదా మేడమ్. అవసరం లేదు" అంది. మూలనున్న కుర్చీవైపు చూసి, "అది పాతదైపోయింది. ఇచ్చేయండి ఎవరికైనా" అంది.

"చూద్దాంలే" అన్నాను.

పరీక్ష రోజు హాల్లో మైకు పెట్టారు. తల్లిదండ్రులు వచ్చారు కాబట్టి ఆ ఒక్కరోజుకీ ఫోన్లు మా దగ్గరే ఉన్నాయి. గోరింక మైకు ముందు నించుని అదే పాఠం తీసుకుంది. "ప్రజాస్వామ్యం" అన్న మాట వచ్చినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. తను నీళ్ళు తాగినంత తేలిగ్గా అనేసి, ముందుకు వెళ్ళిపోయింది. చప్పట్లు మోగాయి. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హెడ్‌మిస్ట్రెస్ నా భుజం తట్టింది. అందరూ చెప్పే అభినందనలు తీసుకుని, వరండాలోకి వచ్చి ఫోను చూసుకున్నాను.

చుక్కల పేజీ మళ్ళీ వచ్చింది. అందులో పాతవేవీ లేవు. ఒక్కటే ఉంది, అరగంట కిందటిది.

చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మే... మే... మేడమ్... తె... తె... తెర..."

చాలా దగ్గరగా, గొంతు నొక్కుకుపోయినట్టు ఉంది. వెనకాల ఎక్కడో దూరంగా, గోడల అవతల మైకులో ఒక ఆడపిల్ల గొంతు. గడగడా పాఠం చదువుతోంది. రెండు గొంతులూ ఒకటే.

"తెర... తెర... తెరవ..."

ముక్క ఆగిపోయింది. ఈసారి బెల్లు లేదు.

గదివైపు పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. ఆయా చీపురు పట్టుకుని ఊడుస్తోంది. మూల ఖాళీగా ఉంది.

"కుర్చీ ఏది?"

"ఏది, ఆ ఇనప కుర్చీయా? ఇప్పుడే కదా బండివాడు పట్టుకెళ్ళాడు" అంది ఆయా. "పాత సామాన్లవాడు. పాఠం చదివిందే మీ పిల్ల, అది స్టేజీ దిగుతూనే వచ్చి చెప్పింది, మీరు ఇచ్చేయమన్నారని. వాణ్ణి కూడా తనే పిలుచుకొచ్చింది. బండి సందు తిరిగేదాకా గేటు దగ్గర నించుని చూసింది. చెయ్యి కూడా ఊపింది, పిచ్చిపిల్ల."

నేను ముట్టుకోకుండా ఉండి ఉంటే సరిపోయేది కదా. మడిచింది నేను. నన్ను నమ్మి మూడడుగులు నడిచిన పిల్లని, నా చేతులతోనే...

"ఎటు వెళ్ళాడు? ఆయా, ఎటు వెళ్ళాడు?"

"నాకేం తెలుసు మేడమ్, వాడు రోజూ వచ్చేవాడు కాదు. కానీ ఒకటి చెప్పండి, ఆ కుర్చీలో ఏం పోశారు? నేనూ వాడూ చెరోవైపు పట్టుకుంటే గాని లేవలేదు." ఆయా చీపురు గోడకి ఆనించి, నడుం పట్టుకుంది. "కాటా పాడైందేమోనని రెండుసార్లు తూచాడు. రెండుసార్లూ నలభై రెండు కిలోలే."